బియ్యం ఏరుతూ నేర్చుకున్న జర్మన్

నాకు జర్మన్ మాటలు వచ్చంటే ఇప్పుడెవరూ నమ్మరు. నేనూ నమ్మించాలని చూడను. వచ్చిందల్లా ఫ్యాక్టరీలో ఫిట్టర్లు టీ తాగుతూ మాట్లాడుకునే నాలుగు ముక్కలు. అవి బడిలో నేర్చుకున్నవి కావు. బాలానగర్‌లో రెండు గదుల అద్దెయింట్లో, నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే, మా ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని నా చేత పలికించిన మాటలు.

డెబ్భైల మొదటి సంవత్సరాలవి. ఆయన పనిచేసే ఫ్యాక్టరీకి జర్మనీ నుంచి పెద్ద పెద్ద మిషన్లు వచ్చాయి. వాటిని బిగించడానికి అక్కడి ఫిట్టరు ఒకతను భార్యతో సహా వచ్చి కొన్ని నెలలు ఉండిపోయాడు. ఆ మిషన్ల పని నేర్చుకోవడానికి ఇక్కడివాళ్ళను కొందరిని ఏడాదిపాటు జర్మనీ పంపుతామన్నారు. ఆ కొందరిలో మా ఆయన ఉన్నారు. కంపెనీ వాళ్ళు సాయంత్రాలు క్లాసు కూడా పెట్టించారు. చెప్పే మేష్టారు పుస్తకం ముందేసుకుని "అయ్యా, తమరు దయచేసి రైల్వే స్టేషనుకు దారి సెలవిస్తారా" వంటివి వల్లె వేయించేవారట. మా ఆయన వెళ్ళి ఆ ముక్క అప్పజెబితే జర్మన్ ఫిట్టరు పానా కింద పడేసి మరీ నవ్వాడట. ఇలా మాట్లాడితే మా ఊళ్ళో నిన్ను చర్చిలో ఫాదరనుకుంటారు, పనివాడు పనివాడితో ఎలా మాట్లాడతాడో నేను చెప్తాను పట్టు, అన్నాడట.

అలా రోజుకో మాట మా ఇంటికి రావడం మొదలైంది. పొద్దున ఎవరైనా ఎదురైతే "నా, వీ గేట్స్?" అనాలట. ఏంటి సంగతులు అని. దానికి బాగున్నానండీ అని జవాబు చెబితే వింతగా చూస్తారట. "మస్ యా" అనాలట. తప్పుతుందా, ఏదో నడవాలిగా, అని దానర్థం. అది విని నాకు భలే ముచ్చటేసింది. మా తెనాలి వైపు ఏ రైతును అడిగినా ఇదే జవాబు. ఎకరానికి ముప్పై బస్తాలు పండినవాడు కూడా ఏదో ఇలా ఉన్నాం అంటాడే తప్ప బాగున్నానని ఒప్పుకోడు. మధ్యాహ్నం అన్నాల వేళ ఎదురుపడ్డవాళ్ళందరికీ "మాల్‌ట్సైట్" అని చెప్పాలట. "భోంచేశారా అనేగా! దానికింత నోరు తిరగని మాటెందుకండీ?" అన్నాను. ఆయన నవ్వారు. ఆయన నవ్వి చాలా కాలమైంది కాబట్టి నాకది గుర్తుండిపోయింది.

మా అత్తగారు వంటింటి గడప మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ ఇదంతా వినేవారు. "ఏంట్రా ఆ కీచులాట? వీధిలోవాళ్ళు మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటున్నారనుకుంటారు" అనేవారు.

కొట్టుకున్నా బాగుండేది. అంతకుముందు ఏడాదిగా మేమిద్దరం ఒకరితో ఒకరం సరిగ్గా మాట్లాడుకోనేలేదు.

ఎందుకో చెప్పాలి. నా తొలికాన్పు పుట్టింట్లో జరిగింది. ఆడపిల్ల. పుట్టిన నక్షత్రం మంచిది కాదన్నారు. తండ్రికి గండమట. మళ్ళీ ఆ నక్షత్రం వచ్చిన రోజున శాంతి చేయించి, ముందు నూనెలో బిడ్డ నీడ చూసి, ఆ తర్వాతే తండ్రి మొహం చూడాలట. పేరు కూడా ఆ రోజే పెడదామన్నారు. పురుడు వెళ్ళిన మర్నాడు ఆయన వచ్చారు. వీధి గదిలో కూర్చోబెట్టారు. గోడకు ఇవతల నేను, పిల్ల. అవతల ఆయన మా నాన్నగారితో ఫ్యాక్టరీ సంగతులు మాట్లాడటం, మజ్జిగ పోయించుకోవడం, అన్నీ నాకు వినబడుతున్నాయి. రాత్రికి ఉండి, తెల్లవారుజాము బండికి వెళ్ళిపోయారు. తర్వాత వారం తిరక్కుండానే పిల్లకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. రెండో రోజుకు పోయింది. శాంతి జరగలేదు. పేరు పెట్టలేదు.

పళ్ళు రాని పసిగుడ్డు కాబట్టి కర్మకాండలేమీ ఉండవన్నారు. మా నాన్నగారూ, మేనమామా మధ్యాహ్నానికి ముందే తీసుకెళ్ళి పూడ్చి వచ్చేశారు. ఏడిస్తే మళ్ళీ కడుపు పండదని మా అమ్మ నా నోరు నొక్కింది. నెల తర్వాత బాలానగర్ వచ్చాక అత్తగారు ఒకే ఒక్క మాట చెప్పారు. "ఎవరైనా పిల్లలెంతమంది అని అడిగితే ఇంకా లేరని చెప్పు. పోయినదాన్ని లెక్కలోకి తేకూడదు. వచ్చేవాళ్ళకి మంచిది కాదు." ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడకు తెలిసిన మంచి అదే. కానీ నాకు కావలసింది వేరు. ఆ పిల్ల ఉండేదని, నాకు పుట్టిందని, మా ఆయన ఒక్కసారి నోటితో అంటే చాలు. ఆయన అనలేదు. పిల్ల ఊసెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవారు. నా గుండెలో కోపం గూడు కట్టింది. గోడ అవతల కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళిన మనిషి, ఆ పిల్ల మొహమైనా ఎరగని మనిషి, ఈయనకేం తెలుసు నా బాధ అనుకునేదాన్ని. ఆ కోపంతోనే అన్నం వండేదాన్ని, ఆ కోపంతోనే వడ్డించేదాన్ని.

ఇగో, ఆ స్థితిలో మా మధ్యకి ఈ జర్మన్ వచ్చింది. తెలుగులో మాట్లాడుకోలేని మేమిద్దరం ఆ వంకర మాటల్లో రోజూ అరగంట మాట్లాడుకునేవాళ్ళం. నాకు కోపం పోలేదు కానీ ఆ అరగంట కోసం మధ్యాహ్నం నుంచీ ఎదురుచూసేదాన్ని. అబద్ధమెందుకు, మర్నాడు ఏరాల్సిన బియ్యం కూడా ఆ రోజే ముందేసుకునేదాన్ని.

ఒకరోజు ఆయన కొంచెం పెద్ద పాఠం తెచ్చారు. కొత్తవాడు కనబడితే జర్మనీలో టీ వేళ ఏమేం అడుగుతారో ఫిట్టరు చెప్పాడట. ఏ ఊరు, ఎన్నాళ్ళుంటావు, పెళ్ళయిందా, ఆ తర్వాత పిల్లలున్నారా. ఉన్నవాడు ఏం చెప్పాలో, లేనివాడు ఏం చెప్పాలో రెండూ నేర్పాడట. అడిగేదానివి నువ్వు, చెప్పేది నేను, అన్నారు ఆయన. నేను జర్మన్ ఫిట్టరును కావాలన్నమాట. మొదటి మూడూ బాగానే సాగాయి. నాలుగోది ఆయన నా చేత పదిసార్లు పలికించారు. "హాప్ట్ ఈర్ కిండర్?"

"అంటే ఏమిటండీ?" అన్నాను, అప్పటికే సగం అర్థమైనా.

"మీకు పిల్లలున్నారా అని."

"మీరేం చెప్తారు?"

ఆయన చేటలోకి చూస్తూ, "నైన్, నోఖ్ నిష్ట్" అన్నారు. అర్థం కూడా ఆయనే చెప్పారు. "లేరు, ఇంకా లేరు."

అత్తగారి మాటే. సముద్రాలు దాటి వచ్చిన భాషలో కూడా మా ఇంటికి అదే మాట వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఎవరో అడగడం కాదు, రోజూ సాయంత్రం నా నోటితో నేనే అడగాలి, మీకు పిల్లలున్నారా అని. ఆయన లేరని చెప్పాలి. అదీ తడబడకుండా, గడగడా చెప్పాలి. మొదట్లో ఆయన "నోఖ్" దగ్గర తడబడేవారు. వారం తిరిగేసరికి నీళ్ళు తాగినంత సులువుగా వచ్చేసింది. నాకు అదే మింగుడు పడలేదు. ఒకసారి చేట పక్కన పెట్టి, "ఈ ప్రశ్న నేనడగను. మిగతావి అడుగుతాను" అన్నాను.

"వాళ్ళు అడుగుతారుగా" అన్నారాయన, తలెత్తకుండా.

"అడిగితే అప్పుడు చెప్పుకోండి. నా చేత మాత్రం అడిగించకండి."

ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయింది. మర్నాడు మళ్ళీ పీట వేసుకుని కూర్చున్నారు. నేను మళ్ళీ అడిగాను. అడగకపోతే ఆ అరగంట కూడా పోతుంది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఫిట్టరు దంపతులు మమ్మల్ని కంపెనీ జీపులో ఖాజాగూడ తీసుకెళ్ళారు. ఇప్పుడు అటువైపు అద్దాల మేడలూ, వాటి కింద క్యాబుల వరసలూ. అప్పుడు చెరువు, నాలుగు గుడిసెలు, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ఫిట్టరుకు రాళ్ళంటే పిచ్చి. భార్యాభర్తలిద్దరూ చిన్నపిల్లల్లా ఎక్కేశారు. మేము కింద కూర్చున్నాం. ఊరి ముసలమ్మ ఒకావిడ గంపలో సీతాఫలాలు తెచ్చి నా ముందు దించింది.

"ఎంతమంది పిల్లలు బిడ్డా నీకు?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన చెరువు వైపు తిరిగిపోయారు.

"లేరమ్మా" అన్నాను.

"అయితరు తియ్. ఇగ దానికేం ఫికర్ జేయకు. జర గీ పండు తిని చూడు, పానం సల్లవడతది" అని పగిలిన పండొకటి చేతిలో పెట్టింది. తిన్నాను. తియ్యగానే ఉంది. దారి పొడుగునా జీపులో ఆయన, ఆ ఫిట్టరు "మెన్ష్!", అంటే ఓరి మనిషీ, అని ఒకరి భుజం ఒకరు చరుచుకుంటూ నవ్వుతుంటే, ఈయన్ని జర్మనీ కాదు, ఇంకా దూరమేదైనా ఉంటే అక్కడికి పంపేస్తే బాగుండనిపించింది.

ప్రయాణాలు దగ్గరపడ్డాయి. ఫిట్టరు దంపతులు తిరిగి వెళ్ళే వారంలో వాళ్ళను మా ఇంటికి భోజనానికి పిలిచాం. అత్తగారు ముందు గునిసినా, తర్వాత ఆవిడే పులిహోర, గారెలు, మామిడికాయ పప్పు అని హడావుడి చేశారు. ఇంటివాళ్ళ దగ్గర బల్లా, కుర్చీలూ అడిగి తెచ్చాం. ముందుగదిలోని బట్టల మూటలు, ట్రంకు పెట్టెలు, బిందెలు, చాపలు అన్నీ లోపలి గదిలోకి తోసేసి తలుపు దగ్గరగా వేశాం. లోపల కాలు పెట్టే చోటు లేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చారు. ఆవిడ ఖాజాగూడలో నేను కట్టుకున్న చీర రంగు గుర్తుపెట్టుకుని మరీ నా కోసం జేబురుమాళ్ళు తెచ్చింది. అతను ఊరమిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ప్రోస్ట్" అని మజ్జిగ గ్లాసెత్తాడు. అత్తగారు కూడా నవ్వారు. నేను గారెలు వేస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నాకు జర్మన్ వచ్చని ఆమెకు ఎవరు చెప్పారో, నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి, నా కళ్ళల్లోకి చూస్తూ అడిగింది.

"హాప్ట్ ఈర్ కిండర్?"

ఎన్ని సాయంత్రాలు అడిగాను ఆ ప్రశ్న! జవాబు మాత్రం ఒక్కసారి కూడా నేను చెప్పలేదు. నేనెప్పుడూ అడిగేదాన్నే. గారెల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెప్పడానికి ఆయనున్నారుగా, నీళ్ళు తాగినట్టు చెప్పేస్తారు. ఆ రెండు ముక్కలూ చెవిన పడకముందే వంటింట్లోకి వెళ్ళిపోవాలని వెనక్కి తిరిగాను.

"నైన్" అన్నారాయన. ఆ తర్వాత రావాల్సిన "నోఖ్" రాలేదు. నేను వెనక్కి చూశాను. ఆయన ఆవిడను చూడటం లేదు, నన్ను చూస్తున్నారు. "ఐనే టోఖ్టర్" అన్నారు. ఒక కూతురు.

ఫిట్టరు "మెన్ష్!" అని బల్ల మీద కొట్టాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదేమిటని కాబోలు ఈయన వీపు చరిచాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఏదీ, ఎక్కడ, అని అటూ ఇటూ చూసింది. ఆయనకు అక్కడితో జర్మన్ అయిపోయింది. టీ వేళ కబుర్లలో చావుకు మాట ఎవరూ నేర్పరు. చివరికి ఒక మాట దొరికింది.

"జీ ష్లేఫ్ట్" అన్నారు. పడుకుంది.

ఆవిడ చూపు మూసి ఉన్న లోపలి గది తలుపు మీదికి వెళ్ళింది. వెంటనే వేలు పెదాల మీద పెట్టుకుని భర్తను "ష్!" అంది. అంత లావు మనిషీ ఒక్కసారిగా భుజాలు కుదించుకుని, గ్లాసును చప్పుడు కాకుండా బల్ల మీద దించాడు. ఆ తర్వాత భోజనమంతా వాళ్ళు గుసగుసలతోనే కానిచ్చారు. కుర్చీలు చప్పుడవుతాయని ఎత్తి జరిపారు. పెరుగన్నం కావాలా అని నేనూ గుసగుసగానే అడిగాను. ఎందుకడిగానో నాకు తెలియదు. ఆ తలుపు వెనక చాపలూ బిందెలూ ఉన్నాయని నాకు తెలుసు. అయినా చెంబు కింద పెట్టేటప్పుడు చెయ్యి దానంతటదే నెమ్మదించింది. నా జన్మలో నిద్రపోతున్న బిడ్డ ఉన్న ఇల్లాలిగా నేను అతిథులకు వడ్డించడం అదే మొదలు.

వెళ్ళేటప్పుడు ఆవిడ సంచిలోంచి ఒక చాక్లెట్టు తీసి, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, ఆ గది గడప పక్కన పెట్టింది. వీధిలోకి వెళ్ళాక అతను జీపు డ్రైవరుకు హారను కొట్టొద్దని సైగ చేశాడు.

"వాళ్ళేంట్రా అలా దొంగల్లా వెళ్ళారు? నా వంట బాగోలేదా?" అన్నారు అత్తగారు. గడప దగ్గర వంగి చూసి, "ఈ బిళ్ళ ఎవరికి పెట్టింది?" అన్నారు.

"పాపకమ్మా" అన్నారాయన.

"ఏ పాపకి?"

"మా పాపకి."

ఆవిడ విస్తళ్ళు తీయడం మొదలుపెట్టారు. ఆయన పెరట్లోకి వెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను. సంతోషం వేయాలి నాకు. ఏడాదిగా వినాలనుకున్న మాట విన్నాను. కానీ కోపమే ముందొచ్చింది.

"కంటితో చూడని పిల్లని పడుకుందని ఎలా చెప్పారండీ?"

ఆయన చాలాసేపు కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూనే ఉన్నారు.

"చూశాను" అన్నారు. "తెల్లారగట్ల బండికి బయల్దేరే ముందు మీ పెరట్లోకి వచ్చి కిటికీలోంచి చూశాను. నువ్వు పడుకుని ఉన్నావు. అదీ పడుకుని ఉంది. పిడికిలి బుగ్గ కింద పెట్టుకుంది. కళ్ళు తెరుస్తుందేమోనని నిలబడ్డాను. తెరవలేదు. బండికి టైమైపోయింది." ఆయన గొంతు ఇంకా గుసగుసగానే ఉంది. "చూడొద్దన్నారుగా అందరూ. నేను ఆగలేకపోయాను. నాకే గండమన్నారు కదా, అయితే అయిందిలే అనుకున్నాను. నన్ను వదిలేసి దాన్ని తీసుకుపోయింది. నా చూపే తగిలిందని నీకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

మీ వల్ల కాదండీ అనాలి. తర్వాత ఎన్నోసార్లు అన్నాను. ఆ రోజు మాత్రం, "ఏ చెయ్యి?" అని అడిగాను.

"కుడి చెయ్యి."

అవును, కుడి చెయ్యే. ఎన్నిసార్లు తీసి పక్కన పెట్టినా మళ్ళీ బుగ్గ కిందికే తెచ్చుకునేది. చూసినవాళ్ళకు తప్ప తెలియదది.

ఆ క్షణంలో నా కోపం పోయింది. పోతే తేలికపడతాననుకున్నాను. అలా జరగలేదు. ఏడాదిగా నన్ను నిలబెట్టింది ఆ కోపమే. అది లేకపోయేసరికి ఇక పిల్ల పోవడం ఒక్కటే మిగిలింది. పెరటి మెట్టు మీద కూలబడి, అమ్మ నొక్కేసిన ఏడుపంతా ఏడ్చాను. ఆయనా పక్కన కూర్చుని ఏడ్చారు. చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే లోపలి నుంచి అత్తగారి అడుగుల చప్పుడు వినబడింది. ఏడవకూడదని ఇప్పుడు వచ్చి అంటారు, అననీ, ఇవాళ నేను వినను, అనుకున్నాను.

ఆవిడ వచ్చి మా వెనక గడప మీద కూర్చున్నారు. శాంతి రోజున వచ్చి చూద్దామని ఆగి, పిల్లను చూడనేలేదు ఆవిడ. చాలాసేపటికి మెల్లగా, "పిల్లది ఎవరి పోలికమ్మా?" అని అడిగారు.

అంత పసిగుడ్డుకు పోలికలేం తెలుస్తాయి! అయినా, "మీ పోలికే అత్తయ్యా" అన్నాను.